పలక మీద ధర

ఆగస్టు 5

నువ్వు ‘పాపం’ అన్నావు. బుకాయించకు. పక్క చక్రాలు బిగించిన మోటార్ సైకిల్ మీద, చంక కర్ర పక్కన నిలబెట్టుకొని ఒక ఆడమనిషి బజారులో వెళ్తుంటే చూసి, ఎప్పుడో ఒకప్పుడు నాలుక చప్పరించి ‘పాపం’ అన్నావు. ఆమె వెనక నుంచి హారన్ కొడితే మాత్రం జరగలేదు. నీ దయ అంతే. దారికి అడ్డం నిలబడి చూపించే దయ.

ఎవర్ని తిడుతున్నాను? ఇది డైరీ. చదివేవాడు లేడు. ఇన్నేళ్ళు కరపత్రాలు రాసి రాసి, తెల్ల కాగితం కనబడితే ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి నిలదీయడం అలవాటైపోయింది. కాలేజీలో నా పాఠం కూడా ఇట్లాగే ఉంటుందని పిల్లలు చెప్పుకుంటారట. చెప్పుకోనీ.

విషయానికి వస్తాను. ఇవాళ పొద్దున వసుంధర ఇడ్లీ తుంచుకుంటూ, చట్నీలో కారం తగ్గిందన్నంత మామూలుగా అంది.

"బండి అమ్మేద్దాం."

"ఏ బండి?"

"మనకెన్ని బండ్లుండాయయ్యా? నా బండే."

"ఎందుకు?"

"ఎడమ చేతికి ఆపరేషన్ చేస్తారు గదా. ఆ చేతి మీద బరువు పడగూడదంట. క్లచ్చు ఆ చేతికే, ఎనక బ్రేకూ ఆ చేతికే. ఇంక నేను దేంతో నడిపేది, ఉపన్యాసంతోనా? అది నీ పని."

తన రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ళ వల్లే అని నేనంటాను, బీపీ వల్ల అని డాక్టరంటాడు. ఈ వాదన ఇంకా తేలలేదు. డయాలసిస్ తప్పదన్నది మాత్రం తేలింది. దానికి ముందుగా ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టాలి. కుట్టినాక అవి గట్టిపడడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దని ఒంగోలు డాక్టరు రెండుసార్లు చెప్పాడు.

వసుంధర షరతు ఇది: బండి గేటు దాటాకే ఆపరేషన్.

"అది వాకిట్లో ఉంటే కుట్లు ఆరకముందే ఎక్కుతా. నా సంగతి నాకు తెలుసు. దాన్ని పంపించు, ఆ మర్నాడే చెయ్యి చాపుతా."

అది వాహనం కాదు, నీ హక్కు అన్నాను.

"హక్కుకు ఇన్సూరెన్స్ అయిపోయింది. వచ్చే నెల కట్టాల" అంది.

ఆగస్టు 7

బండి గురించి వివరంగా రాసి పెట్టుకోవాలి. ధర దగ్గర ఎవడైనా నోరు పారేసుకుంటే జవాబు సిద్ధంగా ఉండాలి.

వంద సీసీ బండి. పోలియో వచ్చింది తన కుడి కాలికి. గేర్లు ఎడమ కాలితోనే కదా వేసేది, నాకు స్కూటర్ ఎందుకు, మోటార్ సైకిలే కావాలని పట్టుబట్టింది. మా ఇద్దరి వాదనల్లో నెగ్గేది నేనని ఊరంతా అనుకుంటుంది. కంభంలో ఒక వెల్డింగ్ షాపులో కూర్చొని దగ్గరుండి మార్పించుకుంది. వెనక చక్రానికి చెరో పక్కా ఒక చిన్న చక్రం. గుంతలో దిగినా ఒరగకుండా వాటికి విడి స్ప్రింగులు. కుడి కాలి కింద ఉండాల్సిన వెనక బ్రేకు ఎడమ చేతికి వచ్చింది, క్లచ్చు పక్కనే ఇంకో లివరు. సీటు కిందికి దిగింది. చంక కర్ర నిలబెట్టడానికి కుడి పక్కన ఒక గొట్టం. వెనక సీటు చుట్టూ పట్టుకోవడానికి ఇనుప కమ్మీ.

ఆ కమ్మీ నా కోసం. నాకు బండి నడపడం రాదు. పొదిలిలో సభ అయినా, గిద్దలూరులో ధర్నా అయినా, కరపత్రాల సంచి ఒళ్ళో పెట్టుకొని వెనక కూర్చొనే వెళ్ళాను. పురోహితుడు లేని మా స్టేజీ పెళ్ళి చూసి నవ్వినవాళ్ళే ఇదీ చూసి నవ్వారు. "మొగోడు ఎనక కూసున్నాడు సూడు" అన్నారు. వాళ్ళ మీద నేనొక పెద్ద వ్యాసం రాశాను. వసుంధర ఏమీ రాయలేదు, యాక్సిలేటర్ తిప్పింది. తర్లుపాడు రోడ్డులో తన బడికి ఎండల్లో, వానల్లో ఒక్క రోజు మానకుండా ఆ బండి మీదే వెళ్ళివచ్చింది.

బండి తన స్వేచ్ఛ. నేను గట్టిగా నిలబడుతున్నది అందుకు. వెనక సీటుకూ దీనికీ సంబంధం లేదు.

ఆగస్టు 8

పాత బండ్లు కొనేవాడి దగ్గరికి ఆటోలో వెళ్ళి ఫోటోలు చూపించాను. ఫోనులో వేలితో పెద్దవి చేసి చూశాడు.

"సార్, ఇది మామూలుగా ఉండుంటే పాతికవేలు నోరు మూసుకోని ఇద్దును. ఇప్పుడు ఈ చక్రాలు ఊడదీయాల. రాడ్డు కోయాల. బ్రేకు మళ్ళా కాలికాడికి తేవాల. సీటు మార్చాల. ఆ ఖర్చంతా తీసేస్తే పదిహేను చేసుకోండి."

"చక్రాలు ఎందుకు తీయాలి? అవే కదా దాని విలువ?"

"ఎవరు కొంటారు సార్ అట్లాటిది?"

"కాలు లేనివాళ్ళు."

"వాళ్ళు కొంటారా సార్! వాళ్ళకు గవర్నమెంటే ఇస్తాది గదా ఊరికినే."

చూడండి లెక్క. రెండు కాళ్ళూ ఉన్నవాడి బండికి మొదట ధర కడతాడు. రెండో కాలు లేని మనిషి నడపడం కోసం చేసిన పనంతా అందులోంచి తీసివేస్తాడు. వసుంధర ఆ వెల్డింగ్ షాపులో నిప్పురవ్వల మధ్య కూర్చొని కొలతలు ఇచ్చిన రోజులు వీడి లెక్కలో నష్టం. ఇది వాడొక్కడి లెక్క కాదు. బస్సుకు మెట్లు అంత ఎత్తున పెట్టినవాడిదీ ఇదే లెక్క. తన బడికి వాలుబాట కట్టమంటే ‘ఒక్కరి కోసమా మేడమ్’ అన్నవాడిదీ ఇదే. ఈ లెక్కను నేను ఒప్పుకోను. ధర నేను నిర్ణయిస్తాను.

తొంభై వేలు.

పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో ఉంటూ అట్టముక్క మీద రాస్తానా? పెద్ద పలక తెచ్చాను. ‘ధర 90,000. బేరం లేదు’ అని సుద్దతో రాసి, బండిని గేటు బయట పెట్టించి, హ్యాండిల్‌కు తగిలించాను. దాపరికం లేదు. వచ్చేవాడూ పోయేవాడూ చదువుకోవచ్చు.

వసుంధర కర్ర ఊతంతో గేటు దాకా వచ్చి చదివింది.

"షోరూముకు పోతే కొత్తదే వస్తది గదయ్యా ఈ డబ్బుకు."

"కొత్తదానికి ఈ చక్రాలుంటాయా?"

"సరే. ఇందులో నీ కోపానికి ఎంతేసినావు?"

ఆగస్టు 9

ఎవరూ రాలేదు.

ఆగస్టు 12

వస్తున్నారు. చదువుతున్నారు. పోతున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు పలక పక్కన నిలబడి ఫోటో దిగారు. ఎదురింటి శ్రీను, మందుల షాపు వాడు, షట్టర్ ఎత్తుతూ ఇక్కడి దాకా వినబడేట్టు అడిగాడు.

"సార్, తొంభై వేలకు మీరూ వస్తారా ఎనక సీట్లో?"

"షాపులో చీటీ లేకుండా నువ్వమ్మే మాత్రల మీద ముందు ఒక పలక రాసి తగిలిస్తానుండు" అన్నాను.

"అట్లంటే ఎట్ల సార్, నవ్వులాటకు అన్నా" అని లోపలికి పోయాడు.

లోపల వసుంధర కూడా నవ్వుతోంది. ఆ నవ్వు విని నాకు ధైర్యం వచ్చింది. ఇంత గట్టిగా నవ్వే మనిషికి అంత తొందరేమీ లేదు.

ఆగస్టు 14

ఓబులయ్య వచ్చాడు. గొడ్ల సంతల్లో దళారి. ఎద్దుల బేరాలు చేసి బతికిన మనిషి. ఎద్దులు తగ్గిపోయాక పాత బండ్ల బేరాల్లోకి దిగాడు. బేరం మాత్రం పాత పద్ధతే. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి తువ్వాల కింద పెట్టించి, మాట లేకుండా వేళ్ళు పట్టుకొని ధర తేలుస్తాడు. మొదటి పట్టులో ఒక్కో వేలికి పదివేలు, రెండో పట్టులో ఒక్కో వేలికి వెయ్యి. చుట్టూ ఎంతమంది నిలబడినా ఎంతకు తెగిందో ఒక్కడికీ తెలియదు. తర్వాత చెప్పడం కూడా మర్యాద కాదు.

బండి చుట్టూ తిరిగాడు. సీటు మీద ఎద్దు వీపు తట్టినట్టు తట్టాడు.

"మంచి బండి సార్. అడిగేవాళ్ళుండారు. కంభం అవతల పల్లెలో మగ్దలీనమ్మని, ఆమె కూతురు. ఆ పిల్లకు పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. పోయినేడు గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చింది, వేరే ఊర్లో. పొద్దున రెండు ఆటోలు మారి పోతాంది. ఇట్లాటి బండికోసం యాడాదిగా తిరుగుతాండారు."

"మరి రమ్మను."

"ఆ పలక తీసేయండి సార్, వస్తారు."

"పలకకేం?"

"ధర బజార్లో పెడితే కొనేటోళ్ళు గేటు తొక్కరు సార్. రేపు ఆ పిల్ల బండేసుకోని పోతాంటే ఊర్లో ఏమంటారు? ఎక్కువిస్తే ‘కుంటిదానికి ఇంత సోకా’ అంటారు. తక్కువిస్తే ‘సారు దానం చేసినాడంట’ అంటారు. ధర తువ్వాల కింద ఉంటే నోర్లు మూసుకుంటారు."

నేను ఊరుకోలేదు. ఈ దేశంలో ప్రతి దోపిడీ ఒక తువ్వాల కిందే జరుగుతుందన్నాను. కూలి రేటు తువ్వాల కింద, టెండరు తువ్వాల కింద, సీటు తువ్వాల కింద. ధర అనేది నలుగురి ముందు చెప్పుకోగలిగేదై ఉండాలి. సిగ్గుపడాల్సింది నవ్వేవాళ్ళు, కొనేవాళ్ళు కాదు.

ఓబులయ్య అంతా విన్నాడు.

"మీరు చెప్పేది న్యాయమే సార్. కానీ నవ్వేటోళ్ళు సిగ్గుపడేదాకా ఆ పిల్ల ఆటోలో పోవాల్నా?"

నేను జవాబు చెప్పేలోపు తువ్వాల భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. జవాబు నా దగ్గర ఉంది. సాయంత్రం దాకా ఆలోచించి మూడు రకాలుగా చెప్పుకున్నాను.

వసుంధర కిటికీ దగ్గర కూర్చొని ఉంది. అంతా వినే ఉంటుంది.

ఆగస్టు 15

జెండా వందనానికి ఆటోలో వెళ్ళాను.

ఆగస్టు 19

తనకు చెప్పులు పట్టడం లేదు. నేను తెచ్చిన కొత్త జత సైజు చిన్నదైనట్టుంది. మార్చాలి.

ఆగస్టు 21

డాక్టరు ఫోన్ చేశాడు. ఆపరేషన్ ఎప్పుడని. బండి సంగతి తేలగానే వస్తామన్నాను. ఏ బండి అన్నాడు. వివరించే ఓపిక లేక పెట్టేశాను.

షరతు పెట్టింది నేను కాదు. ఇది స్పష్టంగా రాసి ఉంచాలి. బండి పోయాకే ఆపరేషన్ అన్నది తను. న్యాయమైన ధర లేకుండా బండి పోకూడదన్నది నేను. రెండూ వేరు వేరు విషయాలు. పైగా ఆలోచిస్తే ఇంకొకటి కూడా ఉంది. బండి గేటు బయట ఉన్నంత కాలం తను దాన్ని నడపలేని మనిషి కాదు. నడపకుండా ఉన్న మనిషి, అంతే. సెలవు పెట్టినట్టు. ఆ చేతిని కోశాక ఇంక ఆ మాట ఉండదు.

అరవై వేలకు తగ్గిస్తే? తగ్గిస్తే నేను రాసిందంతా ఊరికే రాసినట్టు. తొంభై అని ఊరందరి ముందు రాసినవాణ్ని.

ఆగస్టు 22

షరతు పెట్టింది నేను కాదు.

ఆగస్టు 24

వాన. పలక మీద రాత కరిగింది. మళ్ళీ రాశాను. వసుంధర మంచం మీద నుంచి పిలిచి, "తిరిగి ఎంతేసినావు?" అని అడిగింది. అంతే వేశానన్నాను. "మంచిది" అని అటు తిరిగి పడుకుంది. ఇప్పుడు పడుకొని నిద్రపోలేకపోతోంది, దిండ్లు ఎత్తు పెట్టుకొని కూర్చుంటోంది. వానాకాలపు ఆయాసం. తన తల్లికీ ఉండేది.

ఆగస్టు 27

ఒంగోలు. ఆస్పత్రి.

నిన్న ఉదయం తనకు ఊపిరి అందలేదు. శ్రీను కారు తీశాడు. దారి పొడుగునా హారన్ మీద చెయ్యి తీయలేదు. పొదిలి దాటేవరకు వసుంధర నా చొక్కా పట్టుకొనే ఉంది. తర్వాత పట్టు వదిలింది. ఊపిరితిత్తుల్లో నీరట. మెడలో గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.

డాక్టరు తన ఎడమ చెయ్యి తిప్పి చూశాడు.

"ఇంకా చేయించలేదేమిటండీ? చెప్పి ఎన్నాళ్ళయింది? మెడలో ఈ గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఎందుకు ఆగారు?"

కలెక్టరు ముందైనా, మంత్రి ముందైనా జవాబుకు తడుముకోని నోరు నాది.

"ధర కుదరలేదండీ" అన్నాను.

"ఈ ఆపరేషన్‌కు హెల్త్ కార్డు ఉంటే మీరు పైసా కట్టక్కర్లేదు. ఆ మాత్రం తెలీదా మీకు? చదువుకున్నవారు" అని విసుక్కున్నాడు.

ఔనని తల ఊపాను.

ఆగస్టు 31

ఇంటికి వచ్చాం. కారు దిగి, మెడకు కట్టుతో, కర్ర ఊతంతో తను నేరుగా బండి దగ్గరికి నడిచింది. పలక హ్యాండిల్ నుంచి తీసింది. అరచేత్తో తుడిచింది. తడి లేదు, సుద్ద సరిగా పోలేదు. నోటి దగ్గర పెట్టుకొని ఊదబోయి ఆయాసం వచ్చి ఆగింది. నేను అందుకొని నా చొక్కా అంచుతో తుడిచాను.

తిట్టినా బాగుండేది. ఫోన్ తీసి తనే ఓబులయ్యతో మాట్లాడింది.

"ఆ అమ్మనూ కూతుర్నీ రేపు రమ్మను ఓబులయ్యా. పలక తీసేసినా."

సెప్టెంబర్ 1

పొద్దున్నే వచ్చారు. మగ్దలీనమ్మ పొలం పనులకు పోయే మనిషి, ఎండకు కమిలిన మొహం, నల్లపూసలు లేని మెడలో చిన్న సిలువ. కూతురు స్వర్ణలత చేతికర్రతో ఆటో దిగింది. నన్ను చూసి నమస్కారం పెట్టి, పలక కోసం కాబోలు, హ్యాండిల్ వైపు ఒకసారి చూసింది.

వసుంధర కుర్చీ వాకిట్లోకి వేయించుకుంది.

"ఎక్కు పాపా. ముందు కర్ర ఆ గొట్టంలో పెట్టు. ఆ... ఇప్పుడు కూర్చో. నీది ఏ కాలు?"

"కుడిది మేడమ్."

"నాదీ అదే. సరిపోయింది. ఎడమ చేత్తో రెండు లివర్లుండాయి చూడు. పెద్దది క్లచ్చు, పొట్టిది బ్రేకు. రెండూ ఒకేసారి నొక్కేవు, ఎగిరి మా ఆయన మీద పడతావు."

"పడనీలేమ్మా, సారు మెత్తగానే ఉండాడు" అంది మగ్దలీనమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

ఆ పిల్ల సందు చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. మలుపులో పక్క చక్రం ఎత్తుకోకుండా వంగింది. వసుంధర రెప్ప వేయకుండా చూస్తోంది. "బాగా తిప్పినావు, మొదట్లో నాకు ఇంత బాగా రాలా" అంది.

ఇంక బేరం. ఓబులయ్య తువ్వాల దులిపి నా వైపు చెయ్యి చాపాడు.

"బండెవరిది ఓబులయ్యా?" అంది వసుంధర.

"నీదే తల్లీ."

"మరి ఆయన చెయ్యెందుకు పట్టుకుంటాండావు?"

"ఆడోళ్ళ చెయ్యి నేనెట్ల పట్టుకునేదమ్మా? ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు."

"నర్సు పట్టుకుంటది, డాక్టరు పట్టుకుంటాడు, సూది గుచ్చే పిల్లోడు పట్టుకుంటాడు. నువ్వు పట్టుకుంటే అరిగిపోతదా?"

ఓబులయ్య నా మొహం చూశాడు. ఇట్లాంటి చోట నేను ఒక ఉపన్యాసం ఇవ్వగలను, ఆడవాళ్ళ ఆస్తి మీద, ఆడవాళ్ళ చేతి మీద. ఆ చెయ్యి తువ్వాల కిందికి పోతే ధర నాకు కనబడదు. నాకు తోచింది అదొక్కటే.

మగ్దలీనమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"నీ చెయ్యి ఎందుకులే పెద్దాయనా. తువ్వాల ఇట్లియ్యి. ఆమె అమ్మేది, నేను కొనేది. మధ్యలో నువ్వు ఏంది?"

ఓబులయ్య తువ్వాలను రెండు చేతుల మీద కప్పి, తను అటు తిరిగి నిలబడ్డాడు. వసుంధర కుడి చెయ్యి, మగ్దలీనమ్మ కుడి చెయ్యి. నేను చూస్తూ ఉన్నాను. బట్ట కదులుతోంది. ఆగుతోంది. వసుంధర పెదవి బిగించింది. మగ్దలీనమ్మ కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపింది. మళ్ళీ బట్ట కదిలింది. ఒక్కసారిగా మగ్దలీనమ్మ చెయ్యి బయటికి లాగేసుకుంది.

"అట్లయితే నాకొద్దమ్మా. నా బిడ్డ జీతం తెచ్చుకునే మనిషి. ఊరికే తీసుకునేదానికి రాలా."

"ఎవరిచ్చినారు ఊరికే? చెయ్యి పెట్టు."

"పెట్టను."

"పెట్టు మగ్దలీనమ్మా. నాకు ఎక్కువసేపు కూసునే ఓపిక లేదు."

చెయ్యి పెట్టింది. ఈసారి చాలాసేపు బట్ట కదలలేదు. బేరం అయిపోయి కూడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని ఉన్నారేమో, నాకు తెలియదు. తువ్వాల తీసేసరికి ఇద్దరి మొహాలూ ఒకేలాగా ఉన్నాయి. డబ్బు కూడా తువ్వాలలోనే చుట్టి లోపలికి పంపింది మగ్దలీనమ్మ. వసుంధర లెక్కపెట్టకుండా దిండు కింద పెట్టమంది.

స్వర్ణలత బండి స్టార్ట్ చేసింది. తల్లి వెనక ఎక్కి, రెండు చేతులతో ఇనుప కమ్మీ పట్టుకుంది. ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సందు మలుపు తిరిగాక కూడా శబ్దం కొంచెంసేపు వినిపించింది.

"ఎంతకు?" అన్నాను.

"తువ్వాల కింద మాట బయట చెప్పగూడదు."

"నేను నీ భర్తను."

"అందుకే చెప్పను. నువ్వు కరపత్రం వేస్తావు."

నవ్వలేదు. నేనూ నవ్వలేదు. "ఒంగోలుకు ఫోన్ చెయ్యి. తారీఖు అడుగు" అంది.

సెప్టెంబర్ 2

దిండు కింద చెయ్యి పెట్టి చూడలేదు. చూడను.

సెప్టెంబర్ 6

ఆపరేషన్ అయింది. ఒళ్ళు వాచి ఉండడంతో నాళం దొరకడం కష్టమైందన్నాడు డాక్టరు. ఇంకొంచెం ముందే వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు.

నిలుస్తుందో లేదో చూడాలి. రోజూ పొద్దున, సాయంత్రం కుట్టు మీద వేళ్ళు పెట్టి చూడమన్నాడు. రక్తం పారుతుంటే లోపల జలదరిస్తుందట. చెవి ఆనించి వింటే శబ్దం కూడా వస్తుందట.

సెప్టెంబర్ 8

విన్నాను. ఉంది. సన్నగా, ఆగకుండా, దూరంగా పంపుసెట్టు ఆడుతున్నట్టు. వసుంధర తల వంచి అడిగింది, "వినబడతాందా?" అని. ఔనన్నాను. "నాకు వినబడదు, నువ్వు చెప్తేనే" అంది. అంత మెత్తగా మాట్లాడింది ఈ నెలలో ఇదే.

సెప్టెంబర్ 10

ఉంది.

సెప్టెంబర్ 11

ఉంది.

సెప్టెంబర్ 13

పొద్దున తగ్గినట్టనిపించింది. ఫ్యాను చప్పుడు వల్ల. ఫ్యాను ఆపి విన్నాను. ఉన్నట్టే ఉంది. ఉంది.

సెప్టెంబర్ 14

లేదు.

సెప్టెంబర్ 16

గడ్డకట్టి మూసుకుపోయిందట. ఎడమ చేతిలో ఇంకోచోటు లేదట. కుడి చేతికి చేద్దామన్నాడు డాక్టరు.

కుడి చెయ్యి అంటే చంక కర్ర చెయ్యి. పోలియో కాలు ఆ పక్కే, కర్రను ఎడమకు మార్చడం కుదరదు. కుట్టాక దాని మీద భారం వేయకూడదు. కర్ర లేకుండా తను మంచం నుంచి వాకిలి దాకా కూడా రాలేదు.

వసుంధర కారులో అంది.

"చాలయ్యా. మెడలో గొట్టంతో ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు. ఉన్న ఒక్క చెయ్యీ కోయించుకోని, మూటలాగ మంచంలో పడుండమంటావా?"

"ఆ గొట్టంతో ఎన్నాళ్ళో ఉండదు. ఆయన చెప్పింది విన్నావు కదా."

"విన్నా. నేను లెక్కల టీచర్ని."

శ్రీను కారు నడుపుతూ అద్దంలో నా వైపు చూశాడు. మళ్ళీ చూపు రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

నేను వాదించలేదు. మొదటిసారి నా దగ్గర వాదన లేదు. తన శరీరం తనది, నిర్ణయం తనది. ఈ మాట నేనే ఎన్ని సభల్లో చెప్పాను. తన బండి తనది అని కూడా చెప్పాను. చెప్పి, హ్యాండిల్‌కు పలక తగిలించాను. అప్పుడు తనకు కావాల్సింది వారం రోజుల్లో బండి పోవడం. అప్పటికి చేతులూ కాళ్ళూ వాయలేదు. నాళం దొరికేది.

దీన్ని ఎట్లా తిప్పి రాసినా ఇట్లాగే వస్తోంది. మూడుసార్లు కొట్టేసి రాశాను.

సెప్టెంబర్ 17

నాకు ధర్నా చేయడం తెలుసు. అడగడం తెలియదు. బతిమాలడం అసలు తెలియదు. కాబట్టి తెలిసిన పద్ధతిలోనే రాస్తున్నాను. అచ్చు వేయను. పొద్దున తన మంచం దగ్గర నిలబడి చదువుతాను. ‘ఇదేందయ్యా’ అంటుంది. అననీ.

వసుంధర ముందు నా డిమాండ్లు:

ఒకటి. కుడి చేతికి ఆపరేషన్ చేయించుకోవాలి. తారీఖు ఈ వారంలోనే.

రెండు. కర్ర చోట నా భుజం వాడుకోవాలి. నా ఎత్తు సరిపోకపోతే చెప్పాలి, వంగుతాను.

మూడు. ఏ వేళ లేవాలన్నా నన్ను లేపాలి. మంచం కోడు పట్టుకొని సొంతంగా లేచే ప్రయత్నం మానాలి.

నాలుగు. ‘నీకు శ్రమ’ అనే మాట ఈ ఇంట్లో నిషేధం.

ఐదు. నామీద ఉన్న కోపం దాచుకోకుండా తిట్టాలి. ఎదురు మాట్లాడను.

ఆరు. ఉండాలి.